లండన్ యాబీ రోడ్ జీబ్రా క్రాసింగ్ మీద మా నలుగురి ఫోటో: సలహాలు కావాలి

గోస్తని | డిసెంబరు 6

అందరికీ నమస్కారం. వచ్చే జులైలో లండన్ వెళ్తున్నాం. మా అబ్బాయి అక్కడ చదువుతున్నాడు, కాన్వొకేషన్ ఉంది. నేను, మావారు, మా మామయ్యగారు వెళ్తాం. మామయ్యగారికి 76 ఏళ్లు, పోర్టులో చేసి రిటైరయ్యారు. ఆయన బీరువాలో ఘంటసాల రికార్డుల పక్కనే ఇంగ్లండ్ బ్యాండు బీటిల్స్ వాళ్ల ‘యాబీ రోడ్’ ఎల్పీ రికార్డు ఉంటుంది. దాని కవరు మీద ఆ బ్యాండులోని నలుగురూ వరసగా జీబ్రా క్రాసింగ్ దాటుతున్న ఫోటో ఉంటుంది. కవరు అంచులు అరిగి లోపలి అట్ట బయటపడింది. అయినా ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వరు. వీసా పని మొదలైన దగ్గర్నుంచి ఆయన అడుగుతున్నది ఒక్కటే: “ఆ రోడ్డు మీద, ఆ ఫోటోలోలాగే మనం నలుగురం నడవాలమ్మా.”

సరిగ్గా నలుగురం కుదిరాం కాబట్టి నాకూ ఆశ పుట్టింది. వెళ్లాం, దాటాం, సెల్ఫీ దిగాం అన్నట్టు కాకుండా, కవరు పక్కన పెట్టి చూస్తే అదే చోటు, అదే నడక అనిపించాలి. ఎవరైనా వెళ్లారా? అక్కడ బండ్లు ఆపనిస్తారా? ఏ కెమెరా తీసుకెళ్లాలి? పెద్దాయనతో వెళ్తున్నాం కాబట్టి జాగ్రత్తలు కూడా చెప్పండి.

పాతపోస్టాఫీసు | డిసెంబరు 6

గోస్తనిగారూ, మీ మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. అసలు ఫోటో ఎలా తీశారో తెలిస్తే సగం ప్రశ్నలకి జవాబు దొరుకుతుంది.

1969 ఆగస్టు 8, శుక్రవారం, ఉదయం 11:35 ప్రాంతం. ఫోటోగ్రాఫర్ ఇయన్ మెక్‌మిలన్, స్కాట్లండ్ మనిషి. నడిరోడ్డు మీద నిచ్చెన వేసుకుని ఎక్కారు. ఒక పోలీసు కాసేపు బండ్లు ఆపాడు. మొత్తం పది నిమిషాల పని. నలుగురూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడుస్తుంటే ఆరు ఫ్రేములు తీశారు. కవరు మీదికెక్కింది అయిదోది. అందులోనే నలుగురి కాళ్లూ ఒకే తీరున విచ్చుకుని కనిపిస్తాయి.

ఆ ఆల్బమ్‌కి ముందు అనుకున్న పేరు ఎవరెస్ట్. హిమాలయాల దాకా వెళ్లి ఫోటో దిగుదామన్న మాట కూడా నడిచింది. అంత దూరం పోవడం ఇష్టంలేక తాము పాటలు రికార్డు చేసే స్టూడియో మెట్లు దిగి ఎదురుగా ఉన్న రోడ్డు దాటారు. బ్యాండులోని పాల్ మెకార్ట్‌నీ అంతకుముందే కాగితం మీద చిన్న బొమ్మ గీసిచ్చాడు. కవరు ముందువైపు బ్యాండు పేరు గానీ ఆల్బమ్ పేరు గానీ లేదు. డిజైనర్ జాన్ కోష్ అవసరం లేదన్నాడు. అందుకే ఆ చోటే దాని పేరైపోయింది. అప్పటిదాకా ఈఎంఐ స్టూడియోస్ అని పిలిచే ఆ బిల్డింగ్‌కి తర్వాత యాబీ రోడ్ స్టూడియోస్ అన్న పేరు వచ్చిందంటే ఆ కవరు వల్లే. 2010 డిసెంబరులో బ్రిటన్ ప్రభుత్వం ఆ జీబ్రా క్రాసింగ్‌ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు వరస. ఫోటోలో కుడి చివర ముందు నడిచేది జాన్ లెనన్, తెల్ల సూటు. వెనక రింగో స్టార్, నల్ల సూటు. తర్వాత పాల్, చెప్పులు లేకుండా. చివర జార్జ్ హారిసన్, డెనిమ్ బట్టల్లో. ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. ముగ్గురికి ఎడమ కాలు ముందుంటే పాల్‌కి మాత్రం కుడి కాలు ముందుంటుంది. ఇది తప్పితే ఎంత బాగా తీసినా తెలిసినవాళ్లకి వెలితిగానే ఉంటుంది.

మద్దిలపాలెం డిపో | డిసెంబరు 7

నేను ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు స్టీరింగ్ పట్టినవాణ్ణి. డ్రైవరు సీటు నుంచి ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. అది రోడ్డు. జనం పనుల మీద వెళ్లే రోడ్డు. పాట ఎంత గొప్పదైనా, ఫోటో ఎంత గొప్పదైనా, దాటే మనిషి మధ్యలో ఆగిపోయాడంటే డ్రైవరుకి గుండె ఆగినంత పనవుతుంది. ఎదుటి మనిషి నడుస్తూనే ఉంటాడన్న లెక్కతో మేం కాలు బ్రేకు మీద పెడతాం. వాడు ఆగి, వెనక్కి తిరిగి, పోజు పెడితే ఆ లెక్కంతా తలకిందులే. పెద్దాయన ఉన్నారంటున్నారు. దయచేసి నడక ఆపకుండా తీసుకోండి.

గాజువాక టు లండన్ | డిసెంబరు 7

నేను ఇక్కడే లండన్‌లో ఉంటాను, ఆ ఏరియా బాగా తెలుసు. డిపో అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఆ రోడ్డు మీద 139, 189 నంబరు బస్సులు తిరుగుతాయి. ఇక్కడి రూలు ప్రకారం జీబ్రా మీద మనిషి అడుగుపెడితే బండి ఆగాలి, ఆగుతారు కూడా. కానీ రోజంతా ఫోటోల వాళ్ల కోసం ఆగి ఆగి డ్రైవర్లు విసిగిపోయి ఉంటారు. పోలీసులు మీ కోసం రోడ్డు ఆపరు. నిచ్చెన సంగతి మర్చిపోండి.

ముఖ్యమైన విషయం: ‘యాబీ రోడ్’ అనే పేరుతో తూర్పు లండన్‌లో ఒక రైల్వే స్టేషన్ ఉంది, డీఎల్ఆర్ (డాక్‌లాండ్స్ లైట్ రైల్వే) లైను మీద. మ్యాప్‌లో పేరు కొట్టి అక్కడ దిగి వెతుక్కునేవాళ్లు చాలామంది. మీరు దిగాల్సింది జూబిలీ లైనులో సెయింట్ జాన్స్ వుడ్ స్టేషన్. అక్కడి నుంచి గ్రోవ్ ఎండ్ రోడ్డు వెంట నింపాదిగా నడిచినా పది నిమిషాల్లోపే. పెద్దాయన నడవగలరు.

స్టూడియో లోపలికి మామూలుగా పంపరు. పక్కనే షాపు ఉంది. ముందరి గోడ మీద జనం పేర్లు రాస్తుంటారు, స్టూడియో వాళ్లు తరచూ సున్నం వేసినట్టు మళ్లీ తెల్లరంగు వేస్తుంటారు. క్రాసింగ్ మీద స్టూడియో వాళ్ల లైవ్ కెమెరా ఇరవైనాలుగు గంటలూ నడుస్తుంది, నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. జులైలో వైజాగ్ టైము లండన్ కంటే నాలుగున్నర గంటలు ముందు. ఇంట్లోవాళ్లకి చెప్పి ఉంచితే మీరు దాటుతుంటే అక్కడ చూస్తారు.

లాసన్స్‌బే | డిసెంబరు 8

నాదొక అనుమానం. వాళ్లు తమ గుమ్మం ముందు రోడ్డు మీద తీసుకున్నారు, అదే ఆ ఫోటో గొప్పతనం. మరి మనం వేల మైళ్లు పోయి వాళ్ల గుమ్మం ముందు వాళ్లలాగా నడిస్తే ఏం వస్తుంది? మామయ్యగారు పోర్టులో పనిచేశారు. పాత పోర్టు ఆఫీసు దగ్గరో, లైట్‌హౌస్ కనిపించే చోటో ఆయన తన మనుషులతో నడిస్తే అది ఆయన ఫోటో అవుతుంది. వద్దని చెప్పడం కాదు, ఆలోచించమంటున్నాను.

గోస్తని | డిసెంబరు 8

లాసన్స్‌బేగారూ, మీ మాట మామయ్యగారికి చదివి వినిపించాను. ఆయన చెప్పింది రాస్తున్నాను. “డ్యూటీ దిగి వచ్చాక ఆ కవరు చేతిలో పెట్టుకుని పాట వినేవాణ్ణి. ఆ చెట్లు, ఆ కారు, ఆ తెల్లగీతలు కళ్లు మూసుకున్నా కనిపిస్తాయి. అది వాళ్ల రోడ్డే కావచ్చు, నేను చూసినంత సేపు ఆ రోడ్డుని ఎవరు చూసుంటారు? ఒకసారి కాలు పెట్టి చూస్తాను.” దీనికి నా దగ్గర ఇంకో మాట లేదు.

డాల్ఫిన్ నోస్ | డిసెంబరు 9

పాత ఫోటోలు తీసిన చోటే నిలబడి మళ్లీ తీయడం నా పిచ్చి. బీచ్‌రోడ్డు, టౌన్‌హాలు, కురుపాం మార్కెట్ దగ్గర పాత ఫోటోలు పట్టుకుని చాలా తిరిగాను. లాసన్స్‌బేగారూ, ఈ పని చేస్తేనే ఒక ఫోటోని నిజంగా చూడటం వస్తుందని నా నమ్మకం. ఫోటోగ్రాఫరు కాలు ఎక్కడ పెట్టాడు, ఎందుకు రెండడుగులు పక్కకి జరగలేదు అన్నది అక్కడ నిలబడితే తప్ప తెలియదు. ఎల్పీ కవరుని వేలసార్లు చూసిన మనిషికి ఆ ఆఖరి మెట్టు కూడా ఎక్కాలనిపించడం న్యాయమే.

ఇక కెమెరా. మెక్‌మిలన్ వాడింది హాసెల్‌బ్లాడ్, 50 ఎంఎం వైడ్ లెన్సు. ఆ ఫిల్ము చదరంగా ఉంటుంది, ఒక్కో వైపు దాదాపు 56 మిల్లీమీటర్లు. లెక్క కడితే ఆ లెన్సు అడ్డంగా 58 డిగ్రీల మేర చూస్తుంది. ఇప్పటి ఫోన్లలో మెయిన్ కెమెరా చాలావరకు, మామూలు 35 ఎంఎం ఫిల్ము లెక్కలో, 24 ఎంఎం లెన్సుతో సమానం. ఆ ఫోటోని చదరంగా కత్తిరిస్తే వచ్చేది 57 డిగ్రీలు. అంటే మీ ఫోనే చాలు. 1ఎక్స్‌లో పెట్టి, ఫోటోని చదరంగా కత్తిరించండి. అల్ట్రావైడ్ వద్దు, జూమ్ వద్దు. అల్ట్రావైడ్‌లో చివర ఉన్న మనిషి సాగిపోతాడు, జూమ్‌లో వెనక చెట్లు మీదికొచ్చినట్టుంటాయి.

దూరం: కవరు మీద స్కేలు పెట్టి, చదరం ఎత్తులో మనిషి ఎన్నో వంతు ఉన్నాడో కొలవండి. ఉదాహరణకి మూడో వంతు ఉంటే, అయిదడుగుల ఏడంగుళాల మనిషికి కెమెరా సుమారు నాలుగున్నర మీటర్ల దూరంలో ఉండాలి. మనిషి చిన్నగా ఉంటే అదే లెక్కన వెనక్కి జరగాలి.

ఎత్తు: ఇది అందరూ వదిలేసే విషయం. కవరుని జిరాక్స్ తీయించి, రోడ్డు రెండు అంచుల మీదా పెన్సిల్‌తో గీతలు లాగండి. అవి కలిసే చోటు ఎంత ఎత్తులో ఉందో, కెమెరా అంత ఎత్తులో ఉన్నట్టు. ఆ ఎత్తు మనుషుల తలలతో పోల్చి చూసుకోండి. నిచ్చెన లేదు కాబట్టి మోనోపాడ్‌కి (ఒంటికాలి స్టాండుకి) ఫోను బిగించి పైకెత్తి, బ్లూటూత్ రిమోట్‌తో తీయాలి. నలుగురూ ఫోటోలో ఉంటారు కాబట్టి అయిదో మనిషి కావాలి. మీ అబ్బాయి స్నేహితుల్లో చెయ్యి వణకనివాణ్ణి ఒకణ్ణి చూసిపెట్టుకోండి.

ఉక్కునగరం | డిసెంబరు 10

ఎండ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను లెక్క వేశాను.

ఆ కెమెరా చూస్తున్నది వాయవ్యం వైపు. ఆగస్టు 8న లండన్‌లో 11:35కి సూర్యుడు ఆగ్నేయంలో సుమారు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే ఎండ ఫోటోగ్రాఫర్ వీపు మీద, నడిచేవాళ్ల మీద నేరుగా. మీరు వెళ్లే జులై మధ్యలో సూర్యుడు ఆ ఎత్తుకి 11 గంటలకే వచ్చేస్తాడు.

నాకు భలే నచ్చిన సంగతి ఇప్పుడు చెప్తాను. మన విశాఖలో డిసెంబరు నెలాఖరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు ఎంతనుకున్నారు? 49 డిగ్రీలు. లండన్ ఆగస్టు ఎండ, విశాఖ డిసెంబరు ఎండ ఒకే ఎత్తు. కాబట్టి రిహార్సల్ చేయదలిస్తే ఇదే సమయం. మా టౌన్‌షిప్‌లో సెక్టార్ల మధ్య రోడ్లకి రెండు వైపులా చెట్లున్నాయి. హుద్‌హుద్ తుఫానుకి చాలా పడిపోయాయి గానీ 2014 తర్వాత మళ్లీ నీడ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం బండ్లు పల్చగా ఉంటాయి. ఉత్తరం వైపు సాగే రోడ్డు ఒకటి చూసి కెమెరా ఉత్తరానికి తిప్పితే, డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా దక్షిణాన ఉంటాడు, కవరులో పడ్డ వెలుగే పడుతుంది. రండి, మా ఇంట్లో భోజనం చేసి వెళ్లొచ్చు.

మద్దిలపాలెం డిపో | డిసెంబరు 10

నడక ప్రాక్టీసుకి బీచ్‌రోడ్డు కూడా మంచిదే. పొద్దున్నే వాకింగ్‌వాళ్ల కోసం బండ్లు ఆపేస్తారు కదా, ఆ టైములో ఎవరికీ అడ్డం లేకుండా ఎన్నిసార్లైనా దాటుకోవచ్చు.

పూర్ణామార్కెట్ | డిసెంబరు 12

బట్టల సంగతి నాకు వదిలేయండి, మాది బట్టల వ్యాపారమే. ఆ నలుగురిలో ముగ్గురివి లండన్ సావిల్ రో వీధిలో టామీ నటర్ కుట్టిన సూట్లు. జార్జ్ ఒక్కడే డెనిమ్. నా ఉద్దేశంలో రంగు వరస నిలబెడితే చాలు: తెలుపు, నలుపు, బూడిద రంగు, నీలం. కోటు కుట్టు ఎవరూ చూడరు. దూరం నుంచి కనిపించేది రంగు.

మామయ్యగారికి తెల్ల సూటు కుట్టించొద్దు. పొందూరు ఖద్దరు పంచె, తెల్ల లాల్చీ వేయించండి.

పాతపోస్టాఫీసు | డిసెంబరు 12

పంచె అంటే ఒక ఇబ్బంది ఉందమ్మా. ఆ ఫోటో మొత్తం కాళ్ల మీద నిలబడింది. నాలుగు జతల కాళ్లు తిరగేసిన ‘వీ’లాగా తెరుచుకోవాలి. పంచెలో అది కనిపించదేమో.

పూర్ణామార్కెట్ | డిసెంబరు 12

అడ్డకట్టు కడితే కనిపించదు సార్. గోచీపోసి కడితే బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పొందూరు ఖద్దరు సన్నం గనక అడుగు వేసినప్పుడు కాలి వెంట వస్తుంది, ఉబ్బదు. గోస్తనిగారూ, ఇదే కారణానికి మీరు చీర మానేసి జీన్సు, డెనిమ్ చొక్కా వేసుకోండి. చివర నడిచేది మీరే కావాలి. అబ్బాయికి కాన్వొకేషన్ నల్ల సూటు ఉంటుంది కదా, అతను రెండో వాడు. మీవారు బూడిద రంగు సూటు, కాళ్లకి ఏమీ లేకుండా.

గోస్తని | డిసెంబరు 13

చాలా బాగా కుదిరింది! మావారు చెప్పుల్లేకుండా నడవడానికి ఒప్పుకున్నారు, సింహాచలం గిరి ప్రదక్షిణ చేసిన కాళ్లకి ఇదెంత అన్నారు. కవరులో పాల్ చేతిలో ఉన్నట్టు సిగరెట్టు మాత్రం పట్టుకోరట.

పాతపోస్టాఫీసు | డిసెంబరు 13

సిగరెట్టు అక్కర్లేదు. అమెరికాలో కొన్ని పోస్టర్ల కంపెనీలే 2003లో పాల్ చేతిలోంచి దాన్ని చెరిపేశాయి. చెప్పుల విషయంలో మీవారికి ఊరట: ఆ రోజు మొదటి రెండు ఫ్రేముల్లో పాల్ కాళ్లకి చెప్పులున్నాయి, తర్వాత విప్పేశాడు. ఆ ఉత్తికాళ్లని పట్టుకునే ఆ ఏడాది చివర్లో పాల్ చనిపోయాడంటూ పెద్ద పుకారు లేచింది. తెల్లబట్టలాయన మతగురువు, నల్లబట్టలాయన శవం వెంట నడిచేవాడు, డెనిమ్ ఆయన గోతులు తవ్వేవాడు అని కథలల్లారు. మీ ఇంటి పెద్దాయనకి ఆ కథ నచ్చకపోతే చెప్పకండి.

గోస్తని | డిసెంబరు 30

ఉక్కునగరంగారి ఇంటికి వెళ్లొచ్చాం. ఆంటీగారి చేతి పనసపొట్టు కూర గురించి విడిగా ఒక థ్రెడ్ పెట్టాలి. అబ్బాయి బదులు మా ఆడపడుచు కొడుకు నడిచాడు. డాల్ఫిన్ నోస్‌గారు స్వయంగా వచ్చి మోనోపాడ్ పట్టుకున్నారు.

నేర్చుకున్నవి రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తాయి. నిలబడి కాళ్లు చాపి పోజు పెడితే నలుగురం కొయ్యబొమ్మల్లా వచ్చాం. నడుస్తూ తీస్తేనే ప్రాణం ఉంది. ఫోనులో బర్స్ట్ (ఆపకుండా వరసగా ఫోటోలు తీసే పద్ధతి) పెట్టి, దాటినంతసేపూ తీసి తర్వాత ఏరుకోవాలి. మామయ్యగారి అడుగు చిన్నది. ముందు ఆయనే కాబట్టి ఆయన నడకే మా అందరి నడక కావాలి, లేకపోతే మధ్యలో ఒకరి మీద ఒకరం పడుతున్నాం. రోడ్డు మీద సుద్దముక్కతో గీతలు గీసి, ఒక్కో గీతకి ఒక్కో అడుగు వేయమంటే ఆయనకి సులువైంది. మావారు మాకంటే ఒక అడుగు ఆలస్యంగా మొదలుపెడితే కుడి కాలు దానంతటదే ముందుకి వస్తుంది, ఆలోచించక్కర్లేదు.

డాల్ఫిన్ నోస్ | డిసెంబరు 30

ఒకటి కలుపుతాను. తల తిప్పి కెమెరా వైపు చూడకూడదు. కవరులో ఎవరూ మనల్ని చూడరు. ఎవరి దారిన వాళ్లు పోతున్నట్టుంటారు, ఆ ఫోటో అంతకాలం నిలవడానికి అదొక కారణం అని నేననుకుంటాను. మామయ్యగారికి ఇది చెప్పక్కర్లేకపోయింది. చేతులు జేబుల దగ్గర పెట్టుకుని, మెడ కాస్త ముందుకి వంచి లెనన్ నడకే నడిచారు. ఎన్నేళ్లు చూసి ఉంటే అది ఒంటికి పడుతుంది!

లాసన్స్‌బే | డిసెంబరు 31

ఆ రిహార్సల్ ఫోటో చూశాను. నా అనుమానం తీరిందని చెప్పను గానీ, పెద్దాయన నడక చూశాక మీరు వెళ్లాల్సిందే అనిపించింది. హ్యాపీ జర్నీ.

గోస్తని | జూన్ 18

ప్రయాణం దగ్గరపడింది. ఒక టెన్షన్. కవరులోలాంటి ఎండ కావాలంటే 11 గంటలకి వెళ్లాలి. కానీ ఆ టైములో జనం బాగా ఉంటారని అబ్బాయి అంటున్నాడు. రోడ్డు ఖాళీగా కావాలంటే తెల్లవారుజామునే వెళ్లాలి. ఏది వదులుకోవాలి?

గాజువాక టు లండన్ | జూన్ 18

ఎండని వదులుకోండి. ఆదివారం పొద్దున్న ఆరున్నరకి వెళ్లండి. జులైలో అప్పటికే బాగా తెల్లారిపోయి ఉంటుంది. పదకొండుకి వెళ్తే క్రాసింగ్ రెండు చివరలా జనం వంతు కోసం నిలబడి ఉంటారు, అటు నుంచి వచ్చేవాళ్లు మీ ఫ్రేములోకి వస్తారు, మామయ్యగారిని తొందరపెట్టాల్సి వస్తుంది.

ఉక్కునగరం | జూన్ 19

ఎండ లెక్కలు చెప్పిన నేనే ఒప్పుకుంటున్నాను, పొద్దున్నే వెళ్లండి. అప్పుడు ఎండ కెమెరాకి కుడివైపు నుంచి పల్చగా వస్తుంది, నీడలు రోడ్డుకి అడ్డంగా పడతాయి. మబ్బు పడితే ఇంకా మేలు, నీడల గొడవే ఉండదు. ఆ ఊళ్లో మబ్బుకి కరువు లేదు.

మద్దిలపాలెం డిపో | జూన్ 19

తీసేవాడు నడిరోడ్డు మీద నిలబడతాడు కదా, వాడి సంగతి ఎవరూ అడగలేదు. జీబ్రా మీదున్నవాళ్లకి బండ్లు ఆగుతాయి. దానికి ఇవతల రోడ్డు మధ్యలో ఉన్నవాడికి ఆ హక్కు లేదు. వాడి వీపు వైపు నుంచి బండి వస్తే వాడికి కనిపించదు. కాబట్టి ఇంకో మనిషి పేవ్‌మెంటు మీద నిలబడి రెండు వైపులా చూస్తూ, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే ‘పదండి’ అనాలి. బండి కనిపిస్తే ‘ఆపండి’ అనాలి, ఆ మాట వినగానే ఫోటో మంచిగా వస్తున్నా సరే తీసేవాడు పక్కకి వచ్చేయాలి. ఇది మాత్రం మాటివ్వండి.

గోస్తని | జూన్ 19

మాటిస్తున్నాను అన్నా. అబ్బాయి స్నేహితులు ఇద్దరు వస్తున్నారు. ఒకరు తీయడానికి, ఒకరు రోడ్డు చూడటానికి.

గోస్తని | జులై 21

ఫోటో వచ్చింది! కింద పెడుతున్నాను, కవరు పక్కనే పెట్టి చూడండి.

ఆదివారం పొద్దున్న ఆరున్నర, సన్నటి మబ్బు. మాకంటే ముందు ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారంతే. వాళ్లు తీసుకున్నాక మామయ్యగారి పంచె చూసి, మాకోసం పక్కకి జరిగి నిలబడ్డారు. బండి కనిపించినప్పుడల్లా అందరం పేవ్‌మెంటు ఎక్కేశాం. ఒక బస్సు డ్రైవరు ఆగి, మీరు దాటండి అన్నట్టు చెయ్యి ఊపారు. తీసేవాడు రోడ్డు మీద లేడు కాబట్టి మేం ఊరికే దాటి, ఆయనకి నమస్కారం పెట్టాం. డిపో అన్నకి ఇది తప్పకుండా చెప్పమన్నారు మామయ్యగారు.

విశాఖలో అప్పుడు 11 గంటలు. గోపాలపట్నంలో మా ఆడపడుచు లైవ్ కెమెరా పెట్టుకుని కూర్చుంది. ఫోన్ చేసి “నాన్న దాటుతున్నారు, నాన్న దాటుతున్నారు” అని అరుస్తూనే ఉంది.

కవరుకీ దీనికీ తేడాలు చెప్పుకోవాలి. రోడ్డు మీద జీబ్రాకి ముందూ వెనకా తెల్లటి వంకర గీతలున్నాయి, కవరులో అవి లేవు. వాటిని 1971లో తెచ్చారట. చెట్లు వేరేగా ఉన్నాయి. ఎడమవైపు తెల్ల వోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉండాల్సిన చోటు ఖాళీ. మామయ్యగారు ఆ చోటు వేలితో చూపించి “ఎల్‌ఎండబ్ల్యూ 281 ఎఫ్” అని నంబరు చెప్పారు.

పాతపోస్టాఫీసు | జులై 21

ఆ నంబరు ప్లేటు జనం ఎన్నోసార్లు ఊడబీకి పట్టుకుపోయారు. కారు జర్మనీలో వోక్స్‌వ్యాగన్ వాళ్ల మ్యూజియంకి చేరింది.

ఫోటో చూస్తున్నాను. కాళ్లు చూడండి ఎవరైనా! ఎడమ, ఎడమ, కుడి, ఎడమ. గోచీపోసిన పంచెలో ఆ ‘వీ’ సూటులోకంటే ఇంకా బాగా వచ్చింది. పూర్ణామార్కెట్‌గారూ, మీకు దండం.

డాల్ఫిన్ నోస్ | జులై 22

కొలిచి చూశాను. రోడ్డు అంచులు కలిసే చోటు కవరులో తలలకి ఎంత దగ్గరగా ఉందో, ఇక్కడా దాదాపు అక్కడే ఉంది. మోనోపాడ్ ఎత్తినతను గట్టివాడు. కెమెరా కొంచెం కుడికి ఉన్నట్టుంది గానీ, రోడ్డు మీద భద్రంగా నిలబడాలంటే అంతకంటే కుదరదు. దీన్ని పన్నెండంగుళాల చదరంలో, ఎల్పీ కవరు సైజులోనే ప్రింట్ వేయించండి. నాలుగు బై ఆరులో వేస్తే చదరం పోతుంది.

పూర్ణామార్కెట్ | జులై 22

గోస్తనిగారూ, మీ చొక్కా రంగు నేననుకున్నదానికంటే బాగా నప్పింది. మీవారి కాళ్లకి చలి వేయలేదా?

గోస్తని | జులై 22

తారు చల్లగా ఉందట. దాటగానే సాక్సు తొడిగేశాం.

సిరిపురం జంక్షన్ | ఆగస్టు 2

థ్రెడ్ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. మేం అయిదుగురం, డిసెంబరులో వెళ్తున్నాం. ఈ పద్ధతి చలికాలంలో పనిచేస్తుందా? వెనక అట్ట మీద రోడ్డు పేరున్న గోడ కూడా చూడాలని ఉంది.

పాతపోస్టాఫీసు | ఆగస్టు 2

వెనక అట్ట ఫోటో కూడా మెక్‌మిలనే తీశారు. క్రాసింగ్ దగ్గర కాదు, అదే రోడ్డులో ఇంకా ముందుకి వెళ్లాక ఉన్న గోడ. నీలం గౌనులో ఒకమ్మాయి ఫ్రేములోకి నడిచొచ్చేస్తే ముందు చిరాకుపడ్డారు, చివరికి అదే ఎంచుకున్నారు. ఆ గోడని ఎప్పుడో కూల్చేశారు, వెతకొద్దు.

ఉక్కునగరం | ఆగస్టు 2

డిసెంబరు నెలాఖరులో లండన్‌లో మధ్యాహ్నం సూర్యుడు 15 డిగ్రీల ఎత్తు దాటడు. ఇళ్ల నీడ రోడ్డు మీద ఉంటుంది, కవరులోలాంటి వెలుగు రాదు. మబ్బు రోజునే చూసుకోండి. తెల్లారేసరికి ఎనిమిదవుతుంది కాబట్టి పనిరోజుల్లో అప్పటికే బండ్లుంటాయి. ఆదివారమే నయం. అయిదోవారు ఫోటో తీయండి, వంతులు మార్చుకుంటే అందరికీ నడిచే అవకాశం వస్తుంది.

గాజువాక టు లండన్ | ఆగస్టు 3

డిసెంబరు 25న ఊళ్లో ఉంటారా? ఆ రోజు లండన్‌లో బస్సులూ మెట్రో నడవవు, రోడ్లు బాగా ఖాళీగా ఉంటాయి. నడిచి రాగలిగే దూరంలో గది తీసుకుంటే పొద్దున్నే ఎనిమిదిన్నరకి హాయిగా తీసుకోవచ్చు. చెప్పుల్లేకుండా నడిచేవాళ్లకి మాత్రం మందపాటి సాక్సు, చెప్పులు చేతిలో పట్టుకుని అటువైపు ఎవరైనా రెడీగా ఉండాలి. తారీఖులు చెప్పండి, రోడ్డు చూసే మనిషిగా నేనొస్తాను.